పక్కింటి బాయిలర్ పొగగొట్టం, ఎదురింటి కొత్త కిటికీ: ఇంగ్లండ్‌లో ఈ తగవును తీర్చుకొనే పద్ధతి

ఇంగ్లండ్‌లో రెండిళ్ల గోడల మధ్య ఉండే సన్నని సందులో పుట్టే తగవుల్లో రెండు తరచుగా కనబడతాయి. పక్కింటివారు ఇంటినీ నీళ్లనూ వేడిచేసే కొత్త గ్యాస్ బాయిలర్ పెట్టించుకొని దాని పొగగొట్టాన్ని, అంటే ఫ్లూను, మన గోడవైపు తిప్పడం మొదటిది. ఇన్నాళ్లూ మూసి ఉన్న గోడకు ఎవరో ఒకరు కొత్తగా కిటికీ తెరిపించడం రెండోది. ఈ రెండూ ఒకే సందులో ఎదురెదురుగా వచ్చిపడితే తగవు ఇంకా చిక్కుపడుతుంది, ఎందుకంటే అప్పుడు ఇద్దరి దగ్గరా తగిన కాగితాలే ఉంటాయి, ఇద్దరికీ అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది.

మా ఇంట్లో జరిగింది ఈ మూడో రకమే. వంటింటి పక్కగోడకు కిటికీ పెట్టించుకొన్న తొలి చలికాలంలో, ఒక తెల్లవారుజామున లైటు వేసి చూస్తే, కొత్త అద్దం బయటివైపు అంతా చెమటపట్టినట్లు తడిసి, కింది చట్రం అంచున నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి. ఎదురుగోడ మీద గుప్పెడంత తెల్లని గొట్టం మూతి నుంచి ఆవిరి గుప్పున వెలువడి, సందు దాటి వచ్చి, మా అద్దానికి తగిలి విచ్చుకొంటోంది. ఆ క్షణంలో నాకు తోచిందల్లా పక్కింటి తలుపు తట్టి నిలదీయాలని. అలా చేయకుండా ఆగి, టేపు తీసుకొని సందులోకి వెళ్లడం వల్లనే ఆ తగవు ముదరలేదు. కింద చెప్పే క్రమం ఆ అనుభవం నుంచి, ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్న నియమాల నుంచి వచ్చింది. ఇది ఇంగ్లండ్‌కు వర్తించే విషయం. స్కాట్లండ్‌లో భవన నియమాలు, ఆస్తి చట్టం వేరు.

ముందుగా తేల్చుకోవలసింది ప్రమాదమా, ఇబ్బందా అన్నది

గ్యాస్ వాసన వస్తే చర్చకు తావు లేదు. 0800 111 999 అనే అత్యవసర నంబరు రాత్రింబవళ్లూ పనిచేస్తుంది, వెంటనే దానికి ఫోను చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం రంగూ వాసనా ఉండవు. కిటికీ తెరిచి ఉన్నప్పుడు తలనొప్పి, తల తిరగడం, వికారం కలిగి, ఇల్లు వదిలి బయటికి వెళ్లగానే తగ్గుతూ ఉంటే దాన్ని తేలికగా తీసుకోకూడదు. అందరూ బయటికి వచ్చి అదే నంబరుకు చెప్పాలి, వైద్యుణ్ని కూడా సంప్రదించాలి. ఎదురుగా పొగగొట్టం ఉన్న గదిలో మన బాయిలర్ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టుకోవడం మంచిది.

ఇక్కడే మరో మాట గట్టిగా చెప్పాలి. పక్కింటి పొగగొట్టం మూతికి సంచి కట్టడం, రేకు అడ్డం పెట్టడం, దాని ఎదుట చెక్కను నిలబెట్టడం వంటి పనులు ఎంత కోపంలో ఉన్నా చేయకూడదు. బయటికి పోవలసిన వాయువు వెనక్కి తన్నినా, మంటకు అందవలసిన గాలి అందకపోయినా ఆ ఇంట్లో నిద్రపోతున్న మనుషుల ప్రాణాలకే ముప్పు. ఇప్పటి బాయిలర్లలో అలాంటప్పుడు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కదా అని దాని మీద భారం వేయడం తప్పు. మన స్థలంలో మనం వేసుకొనే కంచె విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, దాని సంగతి కింద వస్తుంది.

కనబడే తెల్లని పొగ దానంతట అదే ప్రమాదానికి గుర్తు కాదు. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు చాలావరకు కండెన్సింగ్ రకంవే అయి ఉండాలన్న నియమం వచ్చింది. పాత బాయిలర్ల నుంచి వచ్చే వాయువు బాగా వేడిగా ఉండి, కంటికి కనబడకుండా పైకి లేచిపోయేది. కండెన్సింగ్ బాయిలర్ ఆ వేడిని చాలావరకు లోపలే పిండుకొంటుంది కాబట్టి వాయువు చల్లబడి బయటికి వస్తుంది, అందులోని నీటి ఆవిరి చల్లగాలి తగలగానే తెల్లని తెరలా మారుతుంది. అది పైకి లేవక ఎదురుగా సాగి, తగిలిన చోటల్లా తడిని వదులుతుంది. ఆ తడికి కొంచెం ఆమ్లగుణం కూడా ఉంటుంది. అందుకే ఎండాకాలంలో పెట్టిన బాయిలర్ మీద ఫిర్యాదు నవంబరులో మొదలవుతుంది.

టేపుతో సందులోకి వెళ్లడం

కొలవకుండా చేసే వాదన ఎంత న్యాయమైనదైనా ఎవరి దగ్గరా నిలవదు. భవన నియమాలకు అనుబంధమైన అప్రూవ్డ్ డాక్యుమెంట్ జే అనే ప్రభుత్వ పత్రంలో గ్యాస్ పొగగొట్టాల మూతి ఎక్కడ ఉండవచ్చో చూపే పటం ఒకటి ఉంది, అది ఉచితంగా దొరుకుతుంది. ఫ్యాను ఉండి, గాలిని బయటినుంచే తీసుకొనే ఇప్పటి మామూలు బాయిలర్లకు దానిలోని ముఖ్యమైన కొలతలు ఇవి: తెరుచుకొనే కిటికీకి గానీ, తలుపుకు గానీ, గోడలోని గాలి రంధ్రానికి గానీ పైన, కింద, పక్కన 300 మిల్లీమీటర్లు, గొట్టానికి సమాంతరంగా పక్కన ఉన్న హద్దుకు 300 మిల్లీమీటర్లు, గొట్టం మూతికి ఎదురుగా ఉన్న గోడకు గానీ హద్దుకు గానీ 600 మిల్లీమీటర్లు, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న రెండు మూతుల మధ్య 1,200 మిల్లీమీటర్లు, చూరు కింద 200, వాననీటి కాలువ కింద 75 మిల్లీమీటర్లు. దూరాన్ని గోడ రంధ్రం మధ్య నుంచి కాక, గొట్టం మూతి అంచు నుంచి కొలవాలి.

ఈ లెక్కలో తెరవడానికి వీలులేని బిగింపు అద్దాన్ని కిటికీ కింద జమకట్టరు. అయితే దాని చట్రం కోసం గోడలో చేసిన రంధ్రానికి కూడా మూతి 150 మిల్లీమీటర్లకంటే దగ్గరగా ఉండకూడదు. ఏ రెక్క తెరుచుకొంటుంది, ఏది బిగింపు అన్న చిన్న విషయమే ఒక్కోసారి తగవును తీర్చేస్తుంది.

ఈ కొలతలన్నీ సరిపోయినా ఆవిరి ఎదుటివారి మీద పడవచ్చు. అందుకే కండెన్సింగ్ బాయిలర్లు తప్పనిసరి చేసిన సమయంలో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శిలో, ఎదురుగా ఉన్న హద్దు, గోడ, కిటికీ వంటివాటివైపు మూతి పెడితే మధ్య 2.5 మీటర్ల దూరం చూడాలన్న సూచన ఉంది. ఇది గ్యాస్ భద్రతకు కాక, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చేసిన సూచన. ఆ దూరం లేదన్నంత మాత్రాన బాయిలర్ పెట్టడం చట్టవిరుద్ధం కాదు. బాయిలర్ తయారీదారు ఇచ్చే పుస్తకంలో ఇంకా ఎక్కువ దూరం చెప్పి ఉంటే దాన్నే పాటించాలి. మా సందులో గోడకు గోడకు మధ్య 1.9 మీటర్లు ఉంది, హద్దు దాదాపు మధ్యలో ఉంది. అంటే 600 మిల్లీమీటర్ల నియమం దాటలేదు, 2.5 మీటర్ల సూచన మాత్రం నెరవేరలేదు.

కొలిచేటప్పుడు టేపు కనబడేలా ఫొటోలు తీసి, తేదీ వేసి ఉంచుకోవాలి. ఆ తరువాత రెండు మూడు వారాలపాటు ఏ సమయంలో ఆవిరి వచ్చింది, ఎంతసేపు ఉంది, గాలి ఎటు వీచింది, ఏ గదిలోకి వాసన వచ్చింది అన్నది రోజూ ఒక్క వాక్యం చొప్పున రాసిపెట్టాలి. కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) అధికారి వచ్చిన రోజున ఎండ కాసి ఆవిరి కనబడకపోతే ఈ రాతే మన తరఫున మాట్లాడుతుంది.

పొగగొట్టం గురించి చట్టం చూసే తీరు

గొట్టం హద్దు దాటి మన స్థలం మీదికి వచ్చి ఉంటే విషయం సూటిగా ఉంటుంది. నేలమీద హక్కు ఉన్నవారికి, ఆ నేలను మామూలుగా అనుభవించడానికి అవసరమైన ఎత్తు వరకు పైనున్న గాలిమీదా హక్కు ఉంటుంది. పక్కవారి స్థలం మీదికి పొడుచుకు వచ్చిన ఒక ప్రకటన బోర్డును తీసివేయాలని 1957లో కెల్సెన్ వర్సెస్ ఇంపీరియల్ టొబాకో వ్యాజ్యంలో హైకోర్టు ఆదేశించింది, నష్టం జరిగిందని చూపవలసిన అవసరం లేకుండానే. అయితే హద్దు ఎక్కడ ఉందన్నది తేలాలి. భూమి హక్కులను నమోదు చేసే ల్యాండ్ రిజిస్ట్రీ ఇచ్చే పటంలోని గీత సాధారణంగా హద్దును ఉజ్జాయింపుగా చూపేదే కాబట్టి, దానిమీద స్కేలు పెట్టి అంగుళాలు లెక్కగట్టి పోట్లాడటం వృథా.

గొట్టం హద్దులోపలే ఉండి, ఆవిరి మాత్రం దాటి వస్తూ ఉంటే అది న్యూసెన్స్ కిందికి, అంటే పొరుగువారు తమ ఇంటిని వాడుకోవడాన్ని చట్టం ఒప్పనంతగా దెబ్బతీసే పని కిందికి, వస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టం 79వ సెక్షన్ ప్రకారం, నివాసగృహం నుంచి వెలువడే పొగలూ వాయువులూ ఆరోగ్యానికి హానికరంగా గానీ న్యూసెన్స్‌గా గానీ ఉంటే కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు. ఆవిరి గురించిన ప్రత్యేకమైన ఖండం పరిశ్రమలకూ వ్యాపారస్థలాలకే పరిమితం కావడంతో, ఇళ్లకు ఈ చట్టం పనికిరాదని కొందరు తొందరపడి అనుకొంటారు. కానీ అదే సెక్షన్‌లో వాయువు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఆవిరి, ఆవిరి నుంచి దిగే తడి కూడా చేరి ఉన్నాయి. కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి రాసేటప్పుడు ఈ సంగతిని ప్రస్తావించడం ఉపయోగపడుతుంది. న్యూసెన్స్ ఉందని తేలితే దాన్ని ఆపమంటూ కౌన్సిల్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. కౌన్సిల్ కదలకపోతే 82వ సెక్షన్ కింద, ఎదుటివారికి కనీసం 21 రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి, మనమే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. అయితే జనవరి ఉదయాల్లో పావుగంటసేపు కనబడే ఆవిరి ఈ స్థాయికి రావడం కష్టం. అది ఎంత తరచుగా వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఇంటి వాడకాన్ని ఎంతగా దెబ్బతీస్తుంది అన్నదాన్ని బట్టే తీర్పు ఉంటుంది.

ఎవరు ముందు వచ్చారన్నది ఇక్కడ ఆసక్తికరమైన చిక్కు. న్యూసెన్స్ దగ్గరికి మీరే వచ్చారు కదా అన్న సమాధానం చెల్లదని 1879లో స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్ తీర్పు చెప్పింది. అందులో ఒక మిఠాయి వ్యాపారి రోళ్ల చప్పుడు, పక్కనే తన తోట చివర కొత్తగా గది కట్టుకొన్న వైద్యుడికి అడ్డమై, చివరకు వైద్యుడే గెలిచాడు. 2014లో కవెంట్రీ వర్సెస్ లారెన్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని నిలబెడుతూనే, ఫిర్యాదుదారు తరువాత తన స్థలంలో కొత్తగా కట్టడం వల్లనే ఇబ్బంది పుట్టి ఉంటే ఎదుటివారికి ఆ వాదన పనికిరావచ్చునని సూచించింది. పక్కింటి గొట్టం మూసి ఉన్న గోడవైపు ఏళ్ల తరబడి ఊదుతూ ఉండగా, ఆ గోడకు మనం కిటికీ తెరిస్తే మన స్థానం అంత బలమైనది కాదు. మా పరిస్థితి సరిగ్గా అదే. వాళ్ల బాయిలర్ పెట్టినప్పుడు ఎదురుగా ఉన్నది ఒట్టి ఇటుక గోడ.

కొత్త కిటికీ గురించి

పక్కింటివారు పక్కగోడకు కిటికీ పెట్టిస్తే మొదట వచ్చే అభ్యంతరం మన ఇల్లు కనబడుతుందని. ఇంగ్లండ్‌లో ఫ్లాట్లు కాని ఇళ్లకు చాలా మార్పులు ప్రత్యేకమైన ప్లానింగ్ అనుమతి లేకుండానే చేసుకోవచ్చు, ఆ అధికారం 2015 నాటి ప్రభుత్వ ఉత్తర్వు నుంచి వస్తుంది. కానీ పక్కగోడకు పై అంతస్తులో పెట్టే కిటికీకి ఒక షరతు ఉంది: అద్దం మసక అద్దమై ఉండాలి, గది నేలనుంచి 1.7 మీటర్ల ఎత్తు దాటిన భాగం తప్ప మిగిలినది తెరుచుకోకూడదు. కింది అంతస్తు కిటికీలకు ఈ షరతు లేదు. ఫ్లాట్లకు ఈ వెసులుబాటే లేదు, చారిత్రక కట్టడాలకు వేరే అనుమతి కావాలి, కొన్ని ప్రాంతాల్లో కౌన్సిల్ ఈ వెసులుబాటును ప్రత్యేక ఉత్తర్వుతో తీసివేసి ఉండవచ్చు. షరతు తప్పారనిపిస్తే కౌన్సిల్ ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి రాయాలి. 2024 ఏప్రిల్ 25న గానీ ఆ తరువాత గానీ పూర్తయిన పనుల విషయంలో చర్యకు గడువు 10 ఏళ్లు. అంతకు ముందు ఇలాంటి పనులకు 4 ఏళ్లే ఉండేది.

షరతులన్నీ పాటించిన కిటికీ నుంచి మన పెరడు కనబడుతోందన్నంత మాత్రాన కోర్టుకు వెళ్లి గెలవడం కుదరదు. లండన్‌లోని టేట్ మోడర్న్ కళాప్రదర్శనశాల పైనున్న సందర్శకుల వేదిక నుంచి రోజూ వందలాదిమంది ఎదుటి ఫ్లాట్లలోకి తొంగిచూడటం న్యూసెన్సేనని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఐదుగురిలో ముగ్గురి మెజారిటీతో తేల్చిన మాట నిజమే. దాన్ని పట్టుకొని చాలామంది ఆశపడుతున్నారు. కానీ ఆ తీర్పు ఆధారపడింది ఆ స్థలపు అసాధారణ వాడకం మీద. మామూలు ఇంటి మామూలు కిటికీకి అది వర్తించదు.

పనికివచ్చే అభ్యంతరాలు మరికొన్ని ఉన్నాయి. గోడ హద్దుమీదే ఉంటే, బయటికి తెరుచుకొనే కిటికీ రెక్క తెరిచిన ప్రతిసారీ మన గాలిలోకి వస్తుంది. అది హద్దు మీరడమే, లోపలికి తెరుచుకొనేలా మార్చమని అడగవచ్చు. హద్దుకు మీటరు లోపల ఉన్న గోడకు నిప్పు వ్యాపించకుండా ఉండే నియమం ఉంది, అక్కడ మామూలు అద్దాన్ని స్థూలంగా 1 చదరపు మీటరు వరకే అనుమతిస్తారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న గోడకైతే అవతలివారి సమ్మతి లేకుండా కిటికీ పెట్టడానికి వీలు లేదు.

వెలుతురు సంగతి రెండు వైపులా తెలిసి ఉండాలి. కొత్త కిటికీకి పుట్టగానే వెలుతురు హక్కు రాదు. 1832 నాటి చట్టం ప్రకారం 20 ఏళ్లు నిరాటంకంగా వెలుతురు అందితేనే వస్తుంది. ఆ లోపు పక్కవారు తమ స్థలంలో 2 మీటర్ల ఎత్తు వరకు కంచె వేసుకోవచ్చు, రోడ్డు పక్కనైతే 1 మీటరు. కానీ ఆ కంచె పొగగొట్టం మూతికి ఎదురుగా 600 మిల్లీమీటర్ల లోపు వస్తుందేమో చూడకుండా వేయకూడదు. కిటికీ మీది కోపంతో వేసిన కంచె వల్ల బాయిలర్ ప్రమాదకరంగా మారితే, తగవులో అంతవరకు ఉన్న న్యాయం కూడా చేజారిపోతుంది.

మాట్లాడటం, రాయడం, ఆ తరువాత

ఇంత తెలుసుకొన్నాక తలుపు తట్టాలి. అప్పుడైనా ఉదయాన ఆవిరి వస్తున్నప్పుడు కాక, సాయంత్రం తీరికగా ఉన్నప్పుడు వెళ్లి, మా కిటికీ దగ్గర ఏమి జరుగుతోందో ఒకసారి వచ్చి చూడండి అని పిలవడం మేలు. చాలామందికి తమ గొట్టం అవతలివైపు ఏమి చేస్తోందో తెలియనే తెలియదు. ఇల్లు అమ్మేటప్పుడు నింపే టీఏ6 అనే పత్రంలో పొరుగువారితో తగవులు ఉన్నాయా అని అడుగుతారు, నిజం చెప్పక తప్పదు. ఉత్తరాలు సాగే కొద్దీ ఇద్దరి ఇళ్లకూ ఈ మచ్చ పడుతుంది. కాబట్టి తొలి మాట నోటిమాటగానే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అది ఫలించకపోతే ఒక చిన్న ఉత్తరం రాయాలి. నేను రాసి పెట్టుకొన్న ముసాయిదా ఇలా ఉంది: "మీ బాయిలర్ గొట్టం నుంచి వచ్చే ఆవిరి ఉదయం పూట మా వంటింటి కిటికీలోకి వస్తోంది. కొలతలు, ఫొటోలు జతచేశాను. ఇది మీ తప్పని అనడం లేదు. బాయిలర్ పెట్టినవారితో ఒకసారి మాట్లాడి, ఆవిరిని పక్కకు మళ్లించే గొట్టం అమర్చడానికి వీలవుతుందేమో కనుక్కోగలరా? ఖర్చు విషయం కూర్చొని మాట్లాడుకొందాం." ఇందులో చట్టం పేరు లేదు, గడువు లేదు. అవి రెండో ఉత్తరంలో ఉండవచ్చు.

పొరుగువారిని కొన్ని కాగితాలు మర్యాదగా అడగవచ్చు. గ్యాస్ పని చేసినవారు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది ఈ రిజిస్టరే, అంతకుముందున్న కోర్గీ అనే పట్టిక కాదు. కొత్త బాయిలర్ పెట్టిన 30 రోజుల్లోగా ఆ సంగతి కౌన్సిల్‌కు చేరాలి, ఇంటివారికి ధ్రువపత్రం వస్తుంది. కిటికీ మార్చినా, కొత్తగా పెట్టినా భవన నియమాల కింద లెక్క చెప్పాలి: మార్పిడికైతే ఫెన్సా వంటి, కిటికీలు అమర్చేవారి నమోదు పథకంలో చేరిన సంస్థ ఇచ్చే ధ్రువపత్రం, గోడను కొత్తగా తొలిచి పెట్టినదానికైతే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ (భవన నియమాల తనిఖీ విభాగం) లేదా రిజిస్టర్డ్ బిల్డింగ్ కంట్రోల్ అప్రూవర్ అనే ప్రైవేటు తనిఖీ సంస్థ ఇచ్చే పత్రం. కొత్త కిటికీ వల్ల అంతకుముందు సరిగా ఉన్న పొగగొట్టం నియమం తప్పే స్థితి రాకూడదన్నది కూడా ఆ తనిఖీలో చూడవలసిన విషయమే. కిటికీ పెట్టించుకొనేవారు ఈ ప్రశ్నను ముందే అడగాలి. మాకు కిటికీ పెట్టిన పనివాళ్లు ఎదురుగోడ వైపు ఒక్కసారైనా చూడలేదు, మేమూ అడగలేదు.

పనిలోనే తప్పు ఉందని కొలతలు చూపిస్తే, పొగగొట్టం గురించి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కు, కిటికీ గురించి బిల్డింగ్ కంట్రోల్‌కు ఫిర్యాదు చేయాలి. నియమం తప్పిన పనిని సరిచేయమని కౌన్సిల్ నోటీసు ఇవ్వగల కాలాన్ని 2023 అక్టోబరు నుంచి 12 నెలల నుంచి 10 ఏళ్లకు పెంచారు. తప్పేమీ లేదు, ఇబ్బంది మాత్రం ఉంది అన్నప్పుడు మధ్యవర్తిత్వం మంచిది. హద్దు తగవుల కోసం ఆర్‌ఐసీఎస్ సర్వేయర్ల సంస్థ నడిపే సేవ ఉంది, మొదటి సలహాకు సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ ఉంది. ఇంటి బీమాలో న్యాయ ఖర్చుల భాగం ఉందేమో సొలిసిటర్ దగ్గరికి వెళ్లే ముందే చూసుకోవాలి. చాలామంది ఆ సంగతి ఆలస్యంగా గమనిస్తారు.

పరిష్కారం ఎక్కువసార్లు ఒక గొట్టం ముక్కలోనే ఉంటుంది. ప్లూమ్ కిట్ అనే అమరికతో ఆవిరి వచ్చే మూతిని గోడ వెంబడి పైకో పక్కకో పొడిగించి, ఎవరి మీదా పడని చోట వదలవచ్చు. అది ఆ బాయిలర్ తయారీదారుదే అయి ఉండాలి, పొడవు వారు చెప్పిన పరిమితి దాటకూడదు, అమర్చేది గ్యాస్ సేఫ్ ఇంజనీరే కావాలి. దానికి వీలుకాకపోతే గొట్టాన్ని కప్పు మీదుగా పైకి తీసుకుపోవచ్చు. ఇంటి కప్పులోని ఎత్తైన భాగాన్ని మీటరు మించకుండా ఉంటే దానికి సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కరలేదు.

మా పక్కింటి పెద్దాయన మా వంటింట్లో నిలబడి, చట్రం అంచున వేలాడుతున్న బొట్లను వేలితో తుడిచి చూశారు. ఆ ముసాయిదా ఉత్తరం ఇవ్వవలసిన అవసరమే రాలేదు. కిటికీ మాది, తరువాత వచ్చింది మేము, కాబట్టి కిట్ ఖర్చు మేమే పెట్టుకొంటామని చెప్పాము. ఆయన తన ఇంజనీరునే పిలిపించారు. తెల్లని గొట్టం ఇప్పుడు వారి గోడ వెంబడి పైకి వెళ్లి, చూరుకు తగినంత కిందనే ఆగి, పెరటివైపు తిరిగి ఉంది. జనవరి ఉదయాల్లో ఆవిరి ఖాళీ పెరటి మీదుగా పోతుంది, మా అద్దం పొడిగా ఉంటుంది.